నది మీద వెయ్యి అడుగుల ఓడ: గ్రేట్ లేక్స్‌లో సరుకు ఓడలను చూడటం, వీడియో తీయడం ఎలా

పోయిన వేసవిలో అమ్మ మిషిగన్ వచ్చినప్పుడు పోర్ట్ హ్యూరన్‌లో నది ఒడ్డున ఒక బెంచీ మీద కూర్చోబెట్టాను. ఫ్లాస్కులో కాఫీ, కవర్లో చేగోడీలు. కాసేపటికి ఉత్తరం వైపు వంతెన కింద నుంచి ఓడ ముక్కు బయటికొచ్చింది. వెనకాల ఓడ వస్తూనే ఉంది, ఎంతకీ అయిపోదు. అమ్మ చేగోడీ నోటి దాకా తీసుకెళ్ళి అలాగే ఆగిపోయింది. “ఏంట్రా ఇది, మన వీధి వీధంతా లేచి వెళ్ళిపోతున్నట్టుంది” అంది.

అదే ఓడను నేను ఫోన్లో తీసి ఊళ్ళో ఉన్న మా బావమరిదికి పంపాను. “బాగుంది బావా, మన పాపికొండల లాంచీ కంటే పెద్దదా?” అని అడిగాడు.

తప్పు వాడిది కాదు. నా వీడియోలో నీళ్ళు, ఆకాశం, మధ్యలో ఓడ, అంతే. అది పది అడుగులదో వెయ్యి అడుగులదో చెప్పే వస్తువు ఒక్కటీ ఫ్రేములో లేదు. ఓడ ఎంత పెద్దదో కెమెరాకు తెలియదు, మనమే చూపించాలి. ఆ సంగతి అర్థం కావడానికి నాకు రెండు సీజన్లు పట్టింది. మీకు అంత పట్టకూడదని ఇది రాస్తున్నాను. డెట్రాయిట్, టొరంటో, మినియాపొలిస్ చుట్టుపక్కల మనవాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి ఈ మూడు ఊళ్ళ నుంచి వెళ్ళగలిగే చోట్లే చెబుతాను.

ముందు ఈ ఓడల సంగతి కాస్త తెలుసుకోండి

గ్రేట్ లేక్స్ అంటే సుపీరియర్, మిషిగన్, హ్యూరన్, ఈరీ, ఒంటారియో అనే ఐదు పెద్ద సరస్సులు. వీటిని నదులు, కాలువలు కలుపుతాయి. ఈ నీళ్ళలోనే పుట్టి ఇక్కడే తిరిగే సరుకు ఓడలను ‘లేకర్’ అంటారు. అట్లాంటిక్ దాటి సెయింట్ లారెన్స్ నది మీదుగా లోపలికి వచ్చేవి ‘సాల్టీ’లు, అంటే ఉప్పునీటి ఓడలు. ఇక్కడివాళ్ళు లేకర్ ఎంత పెద్దదైనా షిప్ అనరు, బోట్ అనే అంటారు. వెయ్యి అడుగుల దాన్ని బోట్ అనడం మొదట్లో నవ్వొస్తుంది. తర్వాత మనకూ అదే అలవాటవుతుంది.

వెయ్యి అడుగులు, ఆపైన ఉన్న లేకర్లు మొత్తం 13 కట్టారు. మొదటిది 1972లో వచ్చిన స్టువర్ట్ జె. కోర్ట్. అన్నిటికంటే పొడవైనది 1981 నాటి పాల్ ఆర్. ట్రెగర్తా, 1,013 అడుగుల పైచిలుకు. వెయ్యి అడుగులంటే సుమారు 305 మీటర్లు. మన గోదావరి ఎక్స్‌ప్రెస్ లోంచి 13 బోగీలు విడదీసి నీళ్ళ మీద వరసగా పేర్చినట్టు ఊహించుకోండి. ఒక్కో ట్రిప్పులో 60 వేల టన్నులకు పైగా ఇనుప ఖనిజం మోయగలవు.

ఒడ్డున ఉన్నవాళ్ళకు ఉపయోగపడే సంగతి ఇంకోటి ఉంది. ఖనిజం గనులు సుపీరియర్ సరస్సు వైపు, స్టీలు ఫ్యాక్టరీలు దిగువ సరస్సుల ఒడ్డున. కాబట్టి కిందికి దిగే ఓడ, అంటే డౌన్‌బౌండ్, మామూలుగా సరుకుతో నిండి నీళ్ళలో బాగా మునిగి ఉంటుంది. పైకి వెళ్ళే అప్‌బౌండ్ ఓడ చాలాసార్లు ఖాళీగా, పక్కగోడలు ఎత్తుగా కనబడుతూ వస్తుంది. నిండు ఓడ పొడవును చూపిస్తుంది, ఖాళీ ఓడ ఎత్తును చూపిస్తుంది. మీకు ఏ షాట్ కావాలో దాన్ని బట్టి ఏ వైపు నుంచి వచ్చే ఓడ కోసం కాచుకోవాలో తేల్చుకోవచ్చు.

మొదటి అడుగు: చోటు ఎంచుకోవడం

నదిలో ఓడ మీ ముందు నుంచి జారిపోతుంది. లాకులో మీ ముందే ఆగుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు నా సలహా లాకే.

లాకు అంటే ఏమిటో గోదావరి, కృష్ణా డెల్టాల వాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం లాకులు, దుగ్గిరాల లాకులు అని చిన్నప్పటి నుంచి వింటున్న మాటే. రెండు గేట్ల మధ్య పడవను పెట్టి, నీళ్ళు నింపి పైకి లేపడం, వదిలి కిందికి దించడం. ఇక్కడా అంతే. పంపులేమీ ఉండవు, ఎగువ నుంచి నీరు తనంతట తానే వచ్చి నిండుతుంది. తేడా అంతా సైజులోనే.

నయాగరా చూడటానికి వెళ్ళినవాళ్ళు కెనడా వైపు నుంచి కారులో ఇరవై నిమిషాలు వెళ్తే సెయింట్ క్యాథరిన్స్ ఊళ్ళో వెలండ్ కాలువ మూడో లాకు వస్తుంది. జలపాతం ముందు సెల్ఫీలు దిగి హోటల్‌కి వెళ్ళిపోయేవాళ్ళలో చాలామందికి ఇది ఉన్నట్టే తెలియదు. ఆ జలపాతాన్ని ఓడలు ఎక్కలేవు కదా, అందుకే ఈ కాలువ. 43 కిలోమీటర్ల పొడవు, 8 లాకులు, ఒంటారియో సరస్సుకీ ఈరీ సరస్సుకీ మధ్య దాదాపు 100 మీటర్ల ఎత్తు తేడా. ఇప్పుడున్న కాలువను 1932లో తెరిచారు. మూడో లాకు దగ్గర మ్యూజియం, దాన్ని ఆనుకుని ఎత్తైన అరుగు ఉన్నాయి. అక్కడ నిలబడితే ఓడ డెక్ మీద మనిషి టీ కప్పు కూడా కనిపిస్తుంది. ఇంకొంచెం దక్షిణంగా తొరొల్డ్‌లో 4, 5, 6 లాకులు మెట్లలాగా ఒకదాని వెంట ఒకటి, పైగా జంటగా ఉంటాయి. ఒక ఓడ ఎక్కుతుంటే పక్కనే ఇంకో ఓడ దిగుతుంది.

వెలండ్‌కి ఒక పరిమితి ఉంది. 740 అడుగులు దాటిన ఓడ అందులో పట్టదు. వెయ్యి అడుగుల లేకర్లు అందుకే ఈరీ దాటి ఒంటారియోకి ఎన్నడూ రాలేవు. వాటి కోసం సూ లాకులకు వెళ్ళాలి.

సూ సెయింట్ మేరీ అనే ఊరు మిషిగన్ ఉత్తరపు కొసన ఉంటుంది, డెట్రాయిట్ నుంచి ఐదు గంటల పైన డ్రైవ్. ఇక్కడ సుపీరియర్, హ్యూరన్‌ల మధ్య తేడా 21 అడుగులే. కానీ ఇక్కడి లాకుల్లో పెద్దదైన పో లాకు పొడవు 1,200 అడుగులు, వెడల్పు 110 అడుగులు. వెయ్యి అడుగుల ఓడ వెడల్పు 105 అడుగులు. రెండు వైపులా మిగిలేది చెరి రెండున్నర అడుగులు. ఇంట్లో డబుల్ కాట్ మంచాన్ని గుమ్మంలోంచి దూర్చినట్టే ఉంటుంది. చూసేవాళ్ళ అరుగు లాకులకు దక్షిణం వైపు ఉంది, కాబట్టి ఎండ చాలాసేపు మీ వీపు మీద, ఓడ ముఖం మీద పడుతుంది. వీడియో తీసేవాళ్ళకు ఇంతకంటే ఏం కావాలి. లోపలికి వెళ్ళేటప్పుడు తనిఖీ ఉంటుంది, చిన్న బ్యాగుతో వెళ్ళడం సుఖం. జూన్ చివరి శుక్రవారం ఇంజనీర్స్ డే. ఆ ఒక్కరోజు మామూలుగా అనుమతి లేని లాకు గోడల మీదికి కూడా జనాన్ని రానిస్తారు.

నదిలో వెళ్తున్న ఓడే కావాలంటే డెట్రాయిట్ శివార్లలోని ట్రాయ్, నోవై వాళ్ళకు గంట అటూ ఇటూలో పోర్ట్ హ్యూరన్ ఉంది. హ్యూరన్ సరస్సు సెయింట్ క్లెయిర్ నదిగా మారే చోటు అది. అక్కడ నది మీకు తూర్పున ఉంటుంది. పొద్దున్నే వెళ్తే ఓడ వెనక నుంచి ఎండ కొట్టి నల్లటి దిమ్మలా కనిపిస్తుంది. మధ్యాహ్నం మూడు దాటాక వెళ్ళండి. డెట్రాయిట్‌లోనే ఉండి చూడాలంటే అంబాసిడర్ బ్రిడ్జి దగ్గరి పార్కు చాలు. ఓడ ఆగకుండానే, పైనుంచి తాడుతో బకెట్ దించి, పోస్టు పడవలోంచి ఉత్తరాలు లాక్కునే ఏర్పాటు ఇక్కడి డెట్రాయిట్ నది మీదిదే. ఆ పడవకు 48222 అని సొంత పిన్‌కోడ్ కూడా ఇచ్చారు.

మినియాపొలిస్ వాళ్ళకు రెండున్నర గంటల్లో డులూత్. 300 అడుగుల వెడల్పున్న కాలువలోకి ఓడ వస్తుంటే, రోడ్డు వంతెన మొత్తం 135 అడుగులు పైకి లేస్తుంది. కాలువ గట్టు మీద నిలబడి ఓడ వైపు చూస్తే మెడ నొప్పి పుడుతుంది. అన్నిటిలోకీ మనిషిని ఎక్కువ కంగారు పెట్టే చోటు నా లెక్కలో ఇదే.

కాగితాల మాట ఒకటి. అమెరికాలో హెచ్1బీ మీద ఉన్న ఇండియన్ పాస్‌పోర్ట్ వాళ్ళకు కెనడా వైపు వెళ్ళాలంటే కెనడా వీసా విడిగా కావాలి. గ్రీన్ కార్డు ఉంటే ఆ వీసా అక్కర్లేదు. వంతెన మధ్యదాకా వెళ్ళి గుర్తు తెచ్చుకోవడం మంచిది కాదు.

రెండో అడుగు: ఓడ ఎప్పుడొస్తుందో లెక్కగట్టడం

ఓడలకు టైంటేబుల్ లేదు. గాలి ఎక్కువైతే ఆగుతాయి, రేవులో లోడింగ్ ఆలస్యమైతే ఆగుతాయి, లాకు ముందు క్యూ ఉంటే ఆగుతాయి. కానీ ప్రతి పెద్ద ఓడా తన పేరు, చోటు, వేగం, దిశ రేడియోలో ప్రకటించుకుంటూ ఉంటుంది. దీన్ని ఏఐఎస్ అంటారు. మెరైన్‌ట్రాఫిక్, వెసెల్‌ఫైండర్ లాంటి యాప్‌లు ఆ సంకేతాలను పట్టుకుని మ్యాప్ మీద చూపిస్తాయి. ఉచితంగా దొరికేదే మనకు సరిపోతుంది.

యాప్‌లో ఓడ గుర్తు మీద నొక్కితే రెండు సంగతులు చూడండి, వేగం, దిశ. ‘గమ్యం’ అని ఉన్నదాన్ని అంతగా నమ్మకండి. అది సిబ్బంది చేత్తో టైప్ చేసేది, కొన్నిసార్లు పోయిన ట్రిప్పుదే మిగిలిపోయి ఉంటుంది. వేగం నాట్లలో ఉంటుంది, 1.15తో గుణిస్తే మైళ్ళు. ఉదాహరణకు ఓడ హ్యూరన్ సరస్సులో మీకు 40 మైళ్ళ దూరంలో 12 నాట్లతో వస్తోందనుకోండి. 12 నాట్లంటే గంటకు దాదాపు 14 మైళ్ళు. అంటే మూడు గంటలకు కొంచెం తక్కువ. మీ ఇంటి నుంచి పోర్ట్ హ్యూరన్ గంట అయితే, భోజనం చేసి బయల్దేరినా చాలు. అయితే నేను ఆ లెక్కకు అరగంట కలిపి ముందే వెళ్తాను. నదిలోకి వచ్చాక ఓడ వేగం మారుతుంది. పైగా పార్కింగ్ దొరకడం మన చేతిలో లేదు.

ఒకసారి యాప్ చూసి ‘ఇంకా ఇరవై నిమిషాలు’ అనుకుని కాఫీ కోసం వెళ్ళాను. క్యూలో నిలబడి ఉండగా కిటికీలోంచి ఓడ వెళ్ళిపోతూ కనిపించింది. చేతిలో కాఫీ కూడా లేదు. ఫోన్లో మ్యాప్ అప్‌డేట్ అవక పాత చోటే చూపిస్తోందని తర్వాత తెలిసింది. అప్పటి నుంచి చివరి గంటలో చివరి సంకేతం ఎన్ని నిమిషాల కిందటిదో కూడా చూస్తున్నాను.

వెలండ్ అయితే ఆ కాలువను నడిపే సీవే సంస్థ వెబ్‌సైట్‌లో ఓడల మ్యాప్ ఉంటుంది, మూడో లాకు మ్యూజియంలో అడిగినా ఆ రోజు ఏ ఓడలొస్తున్నాయో చెబుతారు. నాకు అడగడమే ఇష్టం. అక్కడ రోజూ వచ్చి కూర్చునే రిటైరైన పెద్దవాళ్ళు ఉంటారు. ఓడ పొగగొట్టం చూసి కంపెనీ, ఏ ఏడాది కట్టింది, ఇంతకుముందు దాని పేరేమిటి అన్నీ చెప్పేస్తారు. రైల్వే స్టేషన్‌లో ఇంజన్ నంబరు చూసి షెడ్డు పేరు చెప్పే మన రైలు పిచ్చివాళ్ళకు వీళ్ళు తోబుట్టువులు.

మెరైన్ రేడియో వినగలిగే చిన్న స్కానర్ ఉంటే ఇంకా బాగుంటుంది. వెలండ్ దగ్గర 14వ ఛానల్, పోర్ట్ హ్యూరన్ దగ్గర 11, 12. కెప్టెన్లు ఎక్కడున్నారో, లాకుకు ఎప్పుడు చేరతారో అందులోనే మాట్లాడుకుంటారు. మనం వినడం వరకే. మాట్లాడే బటన్ ఉన్న సెట్ పిల్లల చేతికి ఇవ్వకండి.

మూడో అడుగు: సామాన్లు

మొదటి రోజుకు ఫోను, ఒక మంచి ట్రైపాడ్ చాలు. కెమెరా కొనడానికి తొందరేం లేదు, ట్రైపాడ్‌కు మాత్రం పిసినారితనం వద్దు. నది గాలికి తేలికపాటి ట్రైపాడ్ వణుకుతుంది. మధ్యలో కొక్కెం ఉంటే దానికి మీ బ్యాగు తగిలించండి.

కెమెరా ఉన్నవాళ్ళకు రెండు లెన్సులు సరిపోతాయి. లాకు దగ్గర 24 లేదా 28 మిల్లీమీటర్ల వైడ్, నది దగ్గర 200 నుంచి 400 వరకు వెళ్ళే జూమ్. ఎండలో వీడియోకు ఎన్‌డీ ఫిల్టర్, అంటే లెన్సులోకి వెళ్ళే వెలుతురు తగ్గించే నల్లద్దం కావాలి, ఎందుకో కింద చెబుతాను. గాలి చప్పుడు ఆపడానికి మైకుకు బొచ్చు తొడుగు తప్పనిసరి. స్పాంజి తొడుగు సరస్సు గాలికి ఏమాత్రం ఆగదు. ఎక్స్‌ట్రా బ్యాటరీ, తుడిచే గుడ్డ, జూలైలో కూడా ఒక విండ్ చీటర్. సుపీరియర్ మీద నుంచి వచ్చే గాలికి నెల తెలియదు.

నాలుగో అడుగు: సెట్టింగ్స్

ఇది త్వరగా ముగిస్తాను. సెకనుకు 30 ఫ్రేములు పెడితే షట్టర్ 1/60. ఎండలో ఆ షట్టర్‌తో బొమ్మ తెల్లగా మాడిపోతుంది, అందుకే ఎన్‌డీ. ఫోకస్‌ను మాన్యువల్‌లోకి మార్చి, ఓడ పేరు రాసి ఉన్న చోట ఫోకస్ చేసి వదిలేయండి. ఆటోలో ఉంచితే ఖాళీ గోడ లాంటి ఓడ పక్కభాగం మీద అది అటూ ఇటూ వెతుక్కుంటుంది. ఫోన్లో అయితే ఓడ మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుతురు రెండూ లాక్ అవుతాయి. ఎక్స్‌పోజర్ ఎప్పుడూ తెల్లటి గదుల భాగాన్ని చూసి పెట్టండి. నల్లటి ఒళ్ళు కొంచెం చీకటిగా వచ్చినా తర్వాత సర్దుకోవచ్చు. మాడిపోయిన తెలుపును ఎవరూ బాగుచేయలేరు.

ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. నా మంచి షాట్లలో ఒకటి, ఊరి నుంచి వచ్చిన పెళ్ళి పిలుపు కాల్‌తో సగంలో ఆగిపోయింది.

ఐదో అడుగు: సైజు చూపించడం

అసలు పని ఇదే, ఇక్కడ తొందరపడొద్దు.

ఒడ్డుకు వెళ్ళగానే ఓడ కోసం చూడకండి. ఓడ పక్కన ఏం పెట్టొచ్చో చూడండి. చేపలు పట్టే మనిషి, గట్టు మీద నడిచే జంట, అవతలి ఒడ్డున రెండంతస్తుల ఇల్లు, దీపస్తంభం, చిన్న మోటారు పడవ. వీటి సైజు చూసేవాళ్ళకు ముందే తెలుసు. ఓడ వాటి వెనక నుంచి జరిగిపోయినప్పుడు లెక్క వాళ్ళే కట్టుకుంటారు.

దీనికి జూమ్ లెన్సు బాగా పనికొస్తుంది. మీరు మనిషికి దూరంగా వెనక్కి వెళ్ళి, 300 మిల్లీమీటర్లలో ఆ మనిషినీ వెనక ఓడనూ కలిపి పట్టుకోండి. లెన్సు రెండింటినీ దగ్గరికి లాగినట్టు చూపిస్తుంది. పోర్ట్ హ్యూరన్‌లో ఒక సాయంత్రం ఎర్ర టోపీ పెట్టుకున్న పెద్దాయన గాలం వేసుకుని కూర్చున్నారు. నేను వెనక్కి నడిచి, చాలా దూరం నుంచి ఆయన వీపును ఫ్రేములో ఎడమ మూలన పెట్టుకుని కాచుకున్నాను. ఓడ ముక్కు కుడి వైపు నుంచి లోపలికొచ్చింది. తుప్పు మరకలు, నీటి మట్టం అంకెలు, రెయిలింగ్, ఒక్కొక్కటీ ఆయన తల వెనక నుంచి జారుకుంటూ పోతున్నాయి. ఆయన తల తిప్పలేదు. గాలం బెండు మీదే చూపు. ఓడ తోక దాటాక ఒక్కసారి గాలం ఎత్తి ఎర చూసుకుని మళ్ళీ వేశారు. ఆ షాట్ పంపితే మా బావమరిది ఫోన్ చేసి, “బావా, ఆయన వెనకాల కదిలింది గోడనుకున్నా” అన్నాడు.

ఆ షాట్‌లో కెమెరా కదలలేదని గమనించండి. ఓడ కదులుతుంటే కెమెరా కూడా తిప్పాలని చెయ్యి లాగేస్తుంది. తిప్పితే ఓడ ఫ్రేములో నిలబడిపోతుంది, పొడవు తెలియదు. కెమెరాను బిగించి వదిలేస్తే, గంటకు పది మైళ్ళ వేగంతో వెళ్ళే వెయ్యి అడుగుల ఓడ ఒక చోటును దాటడానికి దాదాపు 68 సెకన్లు పడుతుంది. ఆ 68 సెకన్లనూ కత్తిరించకుండా ఉంచండి. నాలుగు సెకన్లకోసారి షాట్ మార్చే రీల్స్ కాలంలో ఇది కష్టంగా అనిపిస్తుంది. కానీ ‘ఇంకా అయిపోలేదా’ అని చూసేవాడికి అనిపించడమే మనకు కావాలి. అమ్మకు బెంచీ మీద అనిపించింది అదే.

లాకులో పద్ధతి వేరు. అక్కడ సైజును సందు చూపిస్తుంది. ఓడ పక్కకూ కాంక్రీట్ గోడకూ మధ్య ఉన్న ఆ చీలికను, దానిలో కిందెక్కడో మెరిసే నీళ్ళను దగ్గరగా తీయండి. తర్వాత గోడ మీద నిలబడిన సిబ్బందిలో ఒకరిని, వాళ్ళ వెనక పైకి లేస్తున్న ఓడను. వెలండ్‌లో చాలా లాకుల్లో ఇప్పుడు తాళ్ళ బదులు గోడ నుంచి పెద్ద వ్యాక్యూమ్ ప్యాడ్లు వచ్చి ఓడను పట్టుకుంటాయి. బల్లి గోడను కరుచుకున్నట్టు ఉంటుంది, దాన్ని వదలకండి.

లాకు టైమ్‌లాప్స్‌కు కూడా మంచి చోటు. ఓడ లోపలికి దూరడం నుంచి బయటపడటం దాకా 40 నిమిషాలు అనుకుంటే 2,400 సెకన్లు. నాలుగు సెకన్లకో ఫొటో పెడితే 600 ఫొటోలు, వీడియోలో 20 సెకన్లు. అంతకంటే పొడవు అక్కర్లేదు.

వేసవి మధ్యాహ్నం దూరంలోని ఓడను జూమ్ చేస్తే, రోడ్డు మీద ఎండమావిలాగా ఓడంతా అలలు అలలుగా వణుకుతుంది. అది లెన్సు తప్పు కాదు, వేడిగాలి. ఖరీదైన లెన్సు కొంటే పోదు. ఓడ దగ్గరికొచ్చేదాకా ఆగడం, లేదా సాయంత్రం రావడం, ఈ రెండే మందులు.

ఆరో అడుగు: చప్పుడు

ఓడ హారన్ ఛాతీలో మోగుతుంది. ఫోన్ మైకులో అది చిరిగిన గుడ్డ చప్పుడులా వస్తుంది, ఎందుకంటే మైకు స్థాయి ఆటోలో ఉంటుంది. వీలుంటే మాన్యువల్‌లో పెట్టి, మామూలు మాటలు మైనస్ 25 డెసిబెల్స్ దగ్గర ఆడేంత తగ్గించి ఉంచండి. హారన్‌కు అప్పుడు చోటు మిగులుతుంది. చిన్న చప్పుడునూ పెద్ద చప్పుడునూ చెడకుండా పట్టుకునే 32 బిట్ ఫ్లోట్ రికార్డర్ ఉన్నవాళ్ళకు ఈ టెన్షన్ లేదు.

మూడు పొడుగు, రెండు పొట్టి హారన్లు వినబడితే అది మాస్టర్ సెల్యూట్, గౌరవ వందనం. పిల్లలు ఒడ్డున చెయ్యి పైకెత్తి తాడు లాగినట్టు సైగ చేస్తే కొందరు కెప్టెన్లు మోగిస్తారు, కొందరు మోగించరు. డులూత్‌లో ఓడ మోగిస్తే వంతెన కూడా బదులిస్తుంది. రికార్డింగ్ ముందే ఆన్ చేసి పెట్టుకోండి. హారన్ విన్నాక బటన్ నొక్కితే అందేది చివరి ముక్క మాత్రమే.

ఓడ వెళ్ళిపోయాక ఇంకో రెండు నిమిషాలు రికార్డు చేయండి. ఇంజను గురగుర తగ్గుతుంది, తర్వాత అల ఒడ్డును తాకే చప్పుడొస్తుంది. దీని మీద సినిమా మ్యూజిక్ వేయకండి, దండం పెడతాను.

జాగ్రత్తలు

పెద్ద ఓడ ఇరుకు నదిలో వెళ్ళేటప్పుడు ఒడ్డున నీళ్ళు ముందు వెనక్కి లాగేసుకుంటాయి, కింద రాళ్ళు బయటపడతాయి. ఓడ దాటాక ఆ నీళ్ళు ఒక్కసారిగా తిరిగొస్తాయి. రాళ్ళు కనబడ్డాయి కదా అని పిల్లలు దిగుతారు. పట్టుకోండి. ట్రైపాడ్‌నూ అంచు నుంచి దూరంగా పెట్టండి.

నవంబర్‌లో సరస్సులు భయపెడతాయి. 729 అడుగుల ఎడ్మండ్ ఫిట్జ్‌జెరాల్డ్ 1975 నవంబర్ 10న సుపీరియర్‌లో, 26 వేల టన్నుల ఖనిజంతో, 29 మందితో సహా మునిగిపోయింది. ఆ రాత్రి దాని వెనకే వస్తున్న ఆర్థర్ ఎం. ఆండర్సన్ అనే ఓడ కాస్త సురక్షితమైన వైట్‌ఫిష్ అఖాతానికి చేరి, మళ్ళీ వెతకడానికి ఆ తుఫానులోకే వెనక్కి వెళ్ళింది. ఆ నెలలో అలల షాట్లు అద్భుతంగా వస్తాయి. కానీ డులూత్ గట్ల మీద అల పైకెక్కి మనిషిని లాగేయగలదు. తుఫాను రోజున గట్టు దిగి, దూరం నుంచి జూమ్‌తో తీయండి.

లాకుల దగ్గర డ్రోన్ ఆలోచన మానుకోండి. అవి భద్రత ఉన్న చోట్లు, అనుమతి లేకుండా ఎగరేస్తే గొడవే. మిగతా చోట్ల కూడా అమెరికాలో సరదాకు ఎగరేసినా ట్రస్ట్ అనే చిన్న పరీక్ష పాసవ్వాలి. డ్రోన్ 250 గ్రాములకు పైగా ఉంటే రిజిస్ట్రేషన్ కావాలి. వీసా మీద ఉన్నవాళ్ళు యూట్యూబ్ డబ్బుల మాట ఆలోచించే ముందు లాయర్‌ను అడగండి.

చలిలో బ్యాటరీలు కోటు లోపలి జేబులో ఉండాలి. బయట నుంచి హీటర్ ఉన్న కారులోకి వచ్చేముందు కెమెరాను జిప్ కవర్లో పెట్టి మూసేయండి. లేకపోతే లెన్సు లోపల ఆవిరి పట్టి ఆ రోజుకు పని అయిపోయినట్టే.

ఏడో అడుగు: ఇంటికొచ్చాక

ఫైలు పేరులో తేదీ, చోటు, ఓడ పేరు, అప్‌బౌండా డౌన్‌బౌండా రాసేయండి. ఆ రాత్రే రాయాలి. వారం తర్వాత అన్ని ఓడలూ ఒకేలా కనిపిస్తాయి. పాతకాలపు లేకర్లకు నడిపే గది ముక్కు మీద ఉంటుంది, కొత్తవాటికి తోక వైపు. వెయ్యి అడుగుల ఓడల్లో ముక్కు మీద గది ఉన్నది స్టువర్ట్ జె. కోర్ట్ ఒక్కటే. ఆల్గోమా కంపెనీ ఓడల ముక్కు మీద ఎలుగుబంటి బొమ్మ ఉంటుంది. ఇలాంటి గుర్తులతో పేరు అందని ఓడను కూడా పట్టేయొచ్చు.

ఎడిటింగ్‌లో మనవాళ్ళకు అర్థమయ్యే కొలత ఒకటి స్క్రీన్ మీద వేయండి. ‘60 వేల టన్నులు’ అంటే ఎవరికీ ఏమీ కనబడదు. ‘ఇరవై టన్నుల లారీలు 3,000’ అని వేయండి, మా ఊళ్ళో ఇసుక లారీల లైన్ చూసినవాళ్ళు వెంటనే పట్టుకుంటారు.

సూ లాకులు ఏటా జనవరి 15న మూసేస్తారు. ఓడల్లో చాలావరకు రేవుల్లో రిపేర్లకు ఆగిపోతాయి. ఏడాది పొడవునా తీసినదాన్ని కూర్చుని కోసుకోవడానికి ఆ పది వారాలు దొరుకుతాయి. మళ్ళీ తెరిచేది మార్చి 25, అర్ధరాత్రి దాటిన ఒక నిమిషానికి. సీజన్ మొదటి ఓడను చూడటానికి ఆ వేళకు కూడా జనం వస్తారు. మీరూ వెళ్తే గ్లవ్స్ రెండు జతలు పెట్టుకోండి. వేళ్ళు తెరుచుకునేది ఒకటి కెమెరాకు, మందపాటిది ఒకటి ఎదురుచూపులకు.